సీటు కనబడేదాకా పాయింట్లు కదిలించొద్దు మామా

తిరుపతి, భవానీ నగర్

మామా,

ఎట్లుండావు? చెల్లెమ్మకు మోకాలి నొప్పి తగ్గిందా? నిన్న ఫోన్లో నువ్వడిగిన దానికి నేను సగం కూడా చెప్పకముందే మండీలో ఎవరో తూకం దగ్గర అరుస్తున్నారని పెట్టేస్తివి. వాట్సాప్‌లో వాయిస్ పంపితే నువ్వు వినే రకం కాదు. అందుకని కూర్చుని రాస్తా ఉండా. పొడుగ్గానే ఉంటుంది, మధ్యాహ్నం భోంచేసినాక తీరిగ్గా చదువు. చెల్లెమ్మకు కూడా వినిపించు. చివరికి సరే అనాల్సింది ఆమే కదా.

నువ్వడిగింది ఇదీ. వచ్చే వేసవిలో మీ ఇద్దరూ జర్మనీలో చదువుతున్న పాప దగ్గరికి పోవాల. క్రెడిట్ కార్డు వాడినందుకు బ్యాంకు ఇచ్చిన పాయింట్లు ఏళ్ల తరబడి మూలుగుతా ఉండాయి. బ్యాంకాయన అంగడికొచ్చి "అన్నీ మైళ్లుగా మార్చేయండి సార్, ఫ్లయిట్ ఫ్రీ" అన్నాడు. (మైళ్లంటే దూరం కాదు, టికెట్టుకు డబ్బుల బదులు ఎయిర్‌లైన్లు తీసుకునే వాళ్ల సొంత పాయింట్లు.) ఈ వారమే మార్చేద్దామా అని. మార్చొద్దు మామా. సీటు నీ కంటికి కనబడేదాకా ఒక్క పాయింటు కూడా కదిలించొద్దు.

ఎందుకో చెప్తా విను. పాయింట్లు బ్యాంకులో ఉన్నంతసేపూ నీకు నాలుగు దార్లుంటాయి. ఈ ఎయిర్‌లైను కాకుంటే ఆ ఎయిర్‌లైను, అదీ కాకుంటే హోటలు, ఏదీ కుదరకపోతే ఏదో ఒక వోచరు. ఒకసారి ఎయిర్‌లైను ఖాతాలోకి పోయినాయా, ఇంక వెనక్కి రావు. బ్యాంకుకు ఫోన్ చేసి బతిమాలినా రావు. బేరం తెగకముందే బెల్లం దిమ్మెలు లారీకి ఎత్తించి మద్రాసుకు తోలేస్తావా నువ్వు? తోలినాక అవతలోడు చెప్పిందే రేటు. ఇదీ అంతే.

బ్యాంకాయన చెప్పనిది ఇంకొకటుంది. విమానంలో ఉండే సీట్లన్నీ తక్కువ మైళ్లకివ్వరు. ప్రతి ఫ్లయిట్‌లోనూ కొన్నే ఈ లెక్క కింద పక్కన పెడతారు. డబ్బులకు అమ్ముడుపోతాయనుకుంటే ఆ కొన్ని కూడా పెట్టరు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ వాళ్ల మైళ్ల పథకం క్రిస్‌ఫ్లయర్‌లో సేవర్, అడ్వాంటేజ్ లాంటి రేట్లుంటాయి. సేవర్ చౌక, కానీ దొరికేది తక్కువ. అడ్వాంటేజ్‌కి మైళ్లు బాగా జాస్తి. ఎయిర్ ఫ్రాన్స్, కేఎల్ఎం రెండింటికీ కలిపి ఫ్లయింగ్ బ్లూ అని ఒకటుంది. దాంట్లో రేటు రోజుకో తీరు. మంగళవారం ఒకటుంటే శనివారానికి రెండింతలైనా ఆశ్చర్యం లేదు. అదే ఫ్లయింగ్ బ్లూ వాళ్లు నెలనెలా కొన్ని ఊర్ల మధ్య మైళ్ల రేటు తగ్గించి ప్రోమో రివార్డ్స్ అని పెడతారు. తేదీలు మన చేతిలో ఉండేవాళ్లకి అదొక వరం. సరుకు జాస్తిగా దిగే నెలలు తప్పిస్తే మండీని తమ్ముడికి వదిలేసి కదలగలవు కాబట్టి, మాలాంటి ఉద్యోగస్తులకంటే నువ్వే మేలు.

ఇందులో తమాషా ఏమంటే, ఏ ఎయిర్‌లైను మైళ్లుంటే ఆ విమానమే ఎక్కాలని లేదు. అవి జట్లుగా ఉంటాయి. సింగపూర్, లుఫ్తాన్సా, మన ఎయిర్ ఇండియా మూడూ స్టార్ అలయన్స్ జట్టు. కాబట్టి క్రిస్‌ఫ్లయర్ మైళ్లతో మద్రాసు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు లుఫ్తాన్సా ఎక్కొచ్చు. సింగపూరుకు పోయి వెనక్కి తిరిగి యూరప్‌కు రావాల్సిన పని లేదు. కానీ ఆగు, ఇక్కడే "ఫ్రీ" అనే మాట తేలిపోతుంది. మైళ్లు పోయేది మూల ఛార్జీకి మాత్రమే. ఎయిర్‌పోర్టు పన్నులు, దానిపైన కొన్ని ఎయిర్‌లైన్లు వేసే ఫ్యూయల్ సర్‌చార్జి నీ జేబులోంచే. సింగపూర్ వాళ్లు తమ సొంత విమానాల మీద ఈ సర్‌చార్జిని 2017లోనే ఎత్తేసినారు. లుఫ్తాన్సా అట్లా కాదు, బాగానే బాదుతుంది. కాబట్టి స్క్రీన్ మీద మైళ్ల అంకె చూసి మురిసిపోవద్దు, కింద చిన్న అక్షరాల్లో రూపాయల అంకె చూడు.

ఆ రెండూ చూసినాక లెక్క చాలా సులువు. ఊరికే ఒక మాట అనుకుందాం: మామూలుగా కొంటే టికెట్టు 60,000. మైళ్లతో అయితే 30,000 మైళ్లు, పైన పన్నులు 15,000 రూపాయలు. అరవైలోంచి పదిహేను తీసేయి, నలభై ఐదు వేలు. దాన్ని 30,000తో భాగిస్తే మైలుకు రూపాయిన్నర. ఇప్పుడు నీ కార్డులో రెండు పాయింట్లకు ఒక మైలు ఇస్తారనుకో, పాయింటుకు ముప్పావలా పడినట్టు. అదే పాయింట్లను బిల్లులో తగ్గించుకుంటే బ్యాంకు ఎంతిస్తుందో చూడు. పావలా ఇస్తే మైళ్లే మేలు. రూపాయి ఇస్తే మైళ్ల జోలికి పోకుండా డబ్బులు పెట్టి టికెట్టు కొనుక్కో, గొడవ వదిలిపోతుంది. ఈ మారకం అన్ని కార్డులకీ ఒకటి కాదు. కొన్నిట్లో ఒకటికి ఒకటి, కొన్నిట్లో రెండుకు ఒకటి. యాక్సిస్ బ్యాంకు వాళ్ల అట్లాస్ కార్డులో తిరగబడి, చాలా ఎయిర్‌లైన్లకు ఒకటికి రెండొస్తాయి. కానీ ఏడాదికి ఇన్నే మార్చుకోవాలని వాళ్లు గీత గీసి పెట్టినారు. నీ కార్డుకు ఆ గీత ఉందో లేదో ముందే కనుక్కో. సగం టికెట్టుకు సరిపడా మార్చినాక ఆగిపోతే అటూ కాదు ఇటూ కాదు.

మా యూనివర్సిటీలో ఒక మాస్టారు అట్లాగే ఇరుక్కున్నాడు. బ్యాంకు వాళ్లు ఎవరో ఈ నెల మారిస్తే బోనసు అంటే, ఉన్నవన్నీ ఒక ఎయిర్‌లైనుకు తోసేసినాడు. ఇద్దరు పిల్లల్తో సంక్రాంతి సెలవులకు పోవాలని ఆయన ఆశ. ఆ తేదీల్లో నాలుగు సీట్లు ఒక్కచోట ఎవడిస్తాడు? పోయినేడాదీ లేవు, ఈయేడాదీ లేవు. మైళ్లకు కూడా గడువుంటుంది మామా. క్రిస్‌ఫ్లయర్‌లో అయితే మూడేళ్లు. ఆయన ఇప్పుడు నెలకోసారి ఖాతా తెరిచి చూసుకుని నిట్టూరుస్తా ఉంటాడు.

గడువు ఒక్కటే కాదు, ఆ కంపెనీలు నిలకడగా ఉంటాయని కూడా లేదు. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో ఆగిపోయింది, గుర్తుందా? ఆ మైళ్లు దాచుకున్నవాళ్లకి పేరు మారిన ఖాతా మిగిలింది కానీ ఎక్కడానికి ఆ విమానం లేదు. విస్తారా 2024 నవంబరు 12న ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది, ఆ పాయింట్లన్నీ ఎయిర్ ఇండియా ఖాతాలోకి చేరినాయి. రేట్ల పట్టికలు మార్చడమైతే ఎప్పుడూ ఉండేదే, అదీ తగ్గించేదానికి కాదు. మైళ్లు దాచుకుంటే పెరిగేవి కావు. మీ నాయన భూమి కొని పెట్టినట్టు వీటిని పెట్టుకోకూడదు.

సరే, ఇప్పుడు నువ్వు చేయాల్సింది. ముందు క్రిస్‌ఫ్లయర్‌లో, ఫ్లయింగ్ బ్లూలో ఉచితంగా ఖాతాలు తెరువు. తెరిచేటప్పుడు పేరు దగ్గర జాగ్రత్త, మన తెలుగోళ్లకి తగిలే దెబ్బంతా అక్కడే. నీ క్రెడిట్ కార్డు మీద ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది కదా, నేను చూసినా. పాస్‌పోర్టులో మాత్రం ఇంటిపేరు మొత్తం విడదీసి సర్‌నేమ్ గడిలో ఉంటుంది. ఎయిర్‌లైను ఖాతా పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాల, లేకపోతే టికెట్టు మీద పేరు తేడా వచ్చి కౌంటర్ దగ్గర నిలబెడతారు. బ్యాంకేమో కార్డుదారు పేరూ ఎయిర్‌లైను ఖాతా పేరూ ఒకటేనా అని చూస్తుంది. రెండూ కుదరాలంటే బ్యాంకు రికార్డులోనే పాస్‌పోర్టు చూపించి పూర్తి పేరు మార్పించు. దానికి కొన్నాళ్లు పడుతుంది, అందుకే ఇప్పుడే మొదలుపెట్టు. ఈ మొత్తంలో ఇవాళే చేయాల్సిన పని ఏదైనా ఉందంటే ఇదొక్కటే.

చెల్లెమ్మ పేరు మీద వేరే ఖాతా తెరిచి పాయింట్లు పంచాల్సిన పని లేదు. నీ మైళ్లతోనే ఆమెకూ టికెట్టు తీయొచ్చు. క్రిస్‌ఫ్లయర్‌లో అయితే ముందుగా ఆమెను నామినీగా చేర్చాల, అట్లా ఐదుగురిదాకా చేర్చుకోవచ్చు.

ఆ తర్వాత వెతుకులాట. మద్రాసు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు లుఫ్తాన్సా నేరుగా ఉంది. బెంగుళూరు నుంచి అయితే ప్యారిస్‌కు ఎయిర్ ఫ్రాన్స్, ఆమ్‌స్టర్‌డామ్‌కు కేఎల్ఎం. నీకు చిత్తూరు నుంచి రెండూ ఇంచుమించు ఒకటే దూరం. రాణిపేట, కాంచీపురం మీదుగా మద్రాసు ఎయిర్‌పోర్టు మీనంబాకం పోయినా, పలమనేరు, కోలారు మీదుగా బెంగుళూరు ఎయిర్‌పోర్టు దేవనహళ్లి పోయినా తెల్లారేసరికి చేరొచ్చు. కాబట్టి రెండూర్లూ పెట్టి వెతుకు. "రెండు సీట్లు" అని పెట్టి వెతుకు, ఒకటి అని పెడితే ఉన్నట్టే కనబడి, రెండోది అడిగేసరికి మాయమవుతుంది. నిన్న రాత్రి నేను ఊరికే నీ కోసం చూసినా. ఒక బుధవారం ఒక్కరికి సీటు చూపించింది, ఇద్దరికని మార్చగానే ఆ రోజు గడి బూడిద రంగైపోయింది. వెనకా ముందూ రెండ్రోజులు జరిపితే మళ్లీ కనబడింది. ఇట్లా జరుపుకుంటా పోవాల, మన తిరుమల దర్శనం స్లాట్లు వెతికినట్టు ఓపిగ్గా. (ఆ ఓపిక నీకు లేదని తెలుసు, పాపకు చెప్పు, ఆ పిల్ల కూర్చుని వెతుకుతుంది.)

రేణిగుంటలో ఎక్కి హైదరాబాదు పోయి అక్కడ పెద్ద విమానం పట్టుకుంటానని మాత్రం అనొద్దు. ఆ చిన్న టికెట్టు విడిగా కొంటే, అది ఆలస్యమై రెండోది పోయినా ఎవరూ బాధ్యులు కారు.

చెల్లెమ్మ మోకాలి సంగతి తలుచుకునే ఇంకొక మాట చెప్తా. మైళ్లు నిజంగా పనికొచ్చేది బిజినెస్ క్లాసులో. డబ్బులు పెట్టి మనం జన్మలో కొనం, మైళ్లయితే ఎకానమీ కంటే రెండు మూడు రెట్లతో కుదిరే రోజులుంటాయి. మైళ్ల టికెట్టు ఒకవైపుకు కూడా తీసుకోవచ్చు, సాధారణంగా రానూపోనూ దాంట్లో సగమే అవుతుంది. కాబట్టి రాత్రి ప్రయాణం ఉండే వైపు ఒక్కదానికే బిజినెస్ తీసి ఆమెను కాళ్లు చాపుకుని పడుకోనీ, రెండోవైపు ఎకానమీ చాలు. నువ్వు ఎందుకు ఒప్పుకోవో కూడా నాకు తెలుసు, ఆ రేటు విని "అన్ని మైళ్లా" అంటావు. అన్నీ దాచి ఏం చేస్తావు చెప్పు?

ఫ్లయింగ్ బ్లూలో అయితే ప్యారిస్‌లోనో ఆమ్‌స్టర్‌డామ్‌లోనో మధ్యలో దిగి నాలుగు రోజులుండి ముందుకు పోయినా మైళ్లు జాస్తి అడగరు. పాపను ప్యారిస్‌కే రమ్మంటే ముగ్గురూ కలిసి చూసి రావచ్చు. ఇది మాత్రం నాకు చాలా నచ్చింది.

వీసా గురించి క్లుప్తంగా: షెంగెన్ (జర్మనీతో పాటు చాలా యూరప్ దేశాలకు పనికొచ్చే వీసా) రుసుము మనిషికి 90 యూరోలు, కనీసం 30,000 యూరోలకు మెడికల్ ఇన్సూరెన్సు ఉండాల. వీసా రాకపోతే టికెట్టు ఏం కావాలని భయపడతావేమో. చౌక టికెట్లకంటే మైళ్ల టికెట్టే ఇక్కడ నయం, చాలావాటికి కొంత రుసుము కట్టించుకుని మైళ్లు ఖాతాలో వెనక్కి వేస్తారు. బుక్ చేసేముందు ఆ రుసుమెంతో చదువుకో.

సీటు కనబడినాక ఇంక ఆలోచించొద్దు, అప్పుడు మార్చు. కొన్ని ఎయిర్‌లైన్లకు నిమిషాల్లో చేరతాయి, కొన్నిటికి రోజులు పడుతుంది. రోజులు పట్టేవాటికి ఒక్క తేదీని నమ్ముకోకుండా, పక్కపక్కన రెండు మూడు తేదీల్లో సీట్లున్నప్పుడే కదిలించు. ఎంత కావాలో అంతే మార్చు. మిగిలినవి బ్యాంకులోనే ఉండనీ.

ఇంకొకటి, పాయింట్లు పెంచుకోవాలని కొత్తగా ఖర్చులు మొదలుపెట్టొద్దు. అద్దె, పెట్రోలు, ప్రభుత్వానికి కట్టేవి, వాలెట్లో వేసేవి, వీటికి చాలా కార్డులు పాయింట్లే ఇవ్వడం మానేసినాయి. బిల్లు ఒక్క నెల పూర్తిగా కట్టకపోతే నెలకు మూడు, మూడున్నర శాతం, కొన్ని కార్డుల్లో ఇంకా పైనే వడ్డీ పడుతుంది, ఏ మైలూ దాన్ని పూడ్చలేదు. నువ్వు గడువులోపే కడతావులే, తమ్ముడి కార్డు మీద మాత్రం ఓ కన్నేసి ఉంచు.

ఈ రాత్రికి నీ బ్యాంకు యాప్ తెరిచి మూడు ఫొటోలు తీసి పంపు: పాయింట్లెన్ని ఉన్నాయి, వాటి గడువెప్పుడు, ఏయే ఎయిర్‌లైన్లకు ఎంత లెక్కన మారుస్తారు. నీ పాస్‌పోర్టు మొదటి పేజీ కూడా పంపు, పేరు సంగతి తేల్చేద్దాం. బ్యాంకాయన మళ్లీ అంగడికొస్తే టీ ఇప్పించు, సంతకం మాత్రం పెట్టొద్దు.

ఇట్లు,
నీ మామ