మీ గ్రాఫ్‌ను నమ్మి ఒక పిల్లవాణ్ని అనుమానించాను

హనుమకొండ,
3 ఫిబ్రవరి 2025.

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మీ లాగ్ గ్రాఫ్ సాఫ్ట్‌వేర్ సమయాలను ఐదున్నర గంటలు వెనక్కి చూపించడం గురించి.

నమస్కారం.

హనుమకొండ చౌరస్తాకు దగ్గర్లో నాకు చిన్న కంప్యూటర్ సెంటర్ ఉంది. ఎనిమిది సిస్టమ్‌లు. పగలంతా హాల్ టికెట్లు, స్కాలర్‌షిప్ ఫారాలు, డీటీపీ పని. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆ ఎనిమిదీ ఐన్‌స్టీన్ ఎట్ హోమ్ అనే సైన్సు ప్రాజెక్టుకు లెక్కలు చేసి పెడతాయి. ఆ లెక్కల లాగ్‌లను, అంటే ఏ పని ఎప్పుడైందో కంప్యూటర్ రాసి పెట్టే పట్టీలను, గ్రాఫ్‌లుగా చూసుకోవడానికి పోయిన సెప్టెంబరులో 2,400 రూపాయలు కట్టి మీ సాఫ్ట్‌వేర్‌కు ఏడాది చందా తీసుకున్నాను. మీ సైట్‌లో మూడుసార్లు ఫిర్యాదు టికెట్ పెట్టాను. పని కాలేదు కాబట్టి ఇప్పుడు వివరంగా రాస్తున్నాను. దయచేసి చివరిదాకా చదవండి.

ఈ ప్రాజెక్టు గురించి నాకు చెప్పింది మా దగ్గర పనిచేసే అబ్బాయి. వాళ్లది ములుగు వైపు పల్లె. పొద్దున బీఎస్సీ ఫిజిక్స్ క్లాసులు, సాయంత్రం నుంచి మా సెంటర్‌లో పని, రాత్రి పడక కూడా అక్కడే. ఒకరోజు షట్టర్ దించేటప్పుడు అడిగాడు: "అన్నా, రాత్రంతా ఇవి ఉత్తగనే ఉంటయి కదా, సైన్సుకు వాడుకోనిద్దామా?" 2005లో మొదలైన ఈ ప్రాజెక్టు, గురుత్వ తరంగాలను పట్టే అమెరికాలోని లైగో డిటెక్టర్లు, గామా కిరణాలను చూసే ఫెర్మీ ఉపగ్రహం, రేడియో టెలిస్కోపులు సేకరించిన డేటాను చిన్న ముక్కలు చేసి మామూలు మనుషుల కంప్యూటర్లకు పంచుతుందని వాడే చెప్పాడు. 2010లో అరెసిబో రేడియో టెలిస్కోపు డేటాలో ఒక కొత్త పల్సార్, అంటే వేగంగా తిరుగుతూ రేడియో సంకేతాలు పంపే చచ్చిపోయిన నక్షత్రం, దొరికిందట. దాన్ని పట్టినవి పెద్ద ల్యాబుల్లోని కంప్యూటర్లు కావు. అమెరికాలోని అయోవాలో ఒక జంటది, జర్మనీలో ఇంకొకాయనది. అది విన్నాక కరెంటు బిల్లు నేను కడతానన్నాను. మన పక్కనే మహారాష్ట్రలో హింగోలి జిల్లాలో లైగో-ఇండియా కట్టడానికి 2023లో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకున్నప్పుడు ఆ వార్తను ప్రింట్ తీసి కౌంటర్ వెనక గోడకు అంటించాడు. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఉచితంగా దొరికేవి ఉండగా మీకు డబ్బులెందుకు కట్టానో కూడా చెప్తాను. చేసిన పనికి ఇచ్చే పాయింట్లు, అంటే క్రెడిట్, ప్రాజెక్టు సైట్‌లో వెంటనే పడదు. మనం చేసిన లెక్కనే ఎక్కడో ఇంకొకరి కంప్యూటర్ కూడా చేసి, రెండు జవాబులూ కలిస్తేనే ఇస్తారు. దానికి ఒక్కోసారి రోజులు పడుతుంది. అందుకని ఏ రాత్రి ఏ సిస్టమ్ ఎంత పని చేసిందో సైట్ చూస్తే తెలియదు. ఈ లెక్కలను మన కంప్యూటర్‌లో నడిపే బాయింక్ ప్రోగ్రామ్ అక్కడే దాచే జాబ్ లాగ్‌లో మాత్రం ఒక్కో పనికి ఒక్కో లైను ఉంటుంది: ఎప్పుడు అయిపోయింది, ఎంతసేపు పట్టింది, సరిగ్గా అయిందా, ఎర్రర్‌తో ఆగిందా అన్నీ. ఎనిమిది సిస్టమ్‌ల లాగ్‌లను కలిపి ఏ గంటలో ఎంత పని జరిగిందో చూపిస్తామని మీరు ప్రకటించారు. నాకు కావలసింది అదే.

జనవరి 10, శుక్రవారం రాత్రి ఆ గంటల గ్రాఫ్ తెరిచాను. వారమంతా ఒకే తీరుగా ఉంది. పని సాయంత్రం నాలుగున్నర తర్వాత మొదలైనట్టు, అర్ధరాత్రి దాటిన కాసేపటికి ఆగిపోయినట్టు నీలం కడ్డీలు. తర్వాత పొద్దున దాకా ఖాళీ. సరిగ్గా ఆ వారమే ఇద్దరు కస్టమర్లు సాయంత్రం పూట సిస్టమ్‌లు స్లోగా ఉన్నాయని నాతో అన్నారు. రెండూ కలిపి చూసుకున్నాను. వీడు కస్టమర్ల టైములో ప్రాజెక్టు నడిపి, రాత్రి అన్నీ ఆపేసి పడుకుంటున్నాడని అనుకున్నాను.

పిలిచి అడిగాను. "అన్నా, నేను బంద్ చెయ్యలే. రాత్రంతా నడిచినయ్," అన్నాడు. "మరి ఈ గ్రాఫ్ అబద్ధం చెప్తదా?" అన్నాను. స్క్రీన్ వంక చూశాడు, ఏం మాట్లాడలేదు. వాడి మౌనాన్ని నేను తప్పు ఒప్పుకున్నట్టు తీసుకున్నాను. అనరాని మాటలు రెండు మూడు అన్నాను. తెల్లారి పండుగకని బ్యాగు సర్దుకుని ఊరికి పోయాడు. పండుగ అయిపోయి 16న షట్టర్ తీసినా తిరిగి రాలేదు.

వాడు లేడు కాబట్టి రాత్రి పని నా మీద పడింది. 18, శనివారం రాత్రి అన్నం తిని వచ్చి పదింటికి అన్నీ ఆన్ చేసి, ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాను. చలికి శాలువా కప్పుకున్నాను. ఎనిమిది ఫ్యాన్లు గుయ్యిమంటున్నాయి, ప్రింటర్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉంది, సీపీయూ మీద పెడితే వెచ్చగా ఉంది. మూడు దాటాక ఐదో నంబర్ సిస్టమ్‌లో ఒక పని అయిపోయింది. కళ్లారా చూశాను. మూడు గంటల ఏడు నిమిషాలని పాత రసీదు వెనక రాసి పెట్టుకున్నాను.

పొద్దున మీ గ్రాఫ్ తెరిస్తే అదే పని 18వ తేదీ రాత్రి 9:37కి అయినట్టుంది. ఆ టైముకి నేను ఇంట్లో అన్నం తింటున్నాను. కంప్యూటర్లు ఇంకా పని మొదలే పెట్టలేదు.

అప్పుడు లాగ్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. ఆ లైను మొదట్లో ఉన్న అంకె 1737236232. ఇది 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన సెకన్లు. ప్రపంచమంతా ఒకటే లెక్క కోసం యూటీసీ అనే ఉమ్మడి ప్రపంచ సమయంలో ఉంటుంది. దానికి మన ఐదున్నర గంటలు కలిపితే 19వ తేదీ తెల్లవారుజామున 3 గంటల 7 నిమిషాల 12 సెకన్లు. నా రసీదు వెనక రాసుకున్నదే. లాగ్‌లో తప్పు లేదు. కంప్యూటర్ గడియారంలో తప్పు లేదు. మీ సాఫ్ట్‌వేర్ ఆ ఐదున్నర గంటలు కలపలేదు. కలపకపోగా గ్రాఫ్ కింద 'లోకల్ టైమ్' అని రాసింది. యూటీసీ అని రాసి ఉంటే నేనే కలుపుకునేవాణ్ని. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా చేసిన పని మీ తెర మీద సాయంత్రం 4:30 నుంచి అర్ధరాత్రి 12:30 దాకా కనబడింది. ఆ అబ్బాయి చెప్పింది అక్షరాలా నిజం.

ఆ ఆదివారమే బస్సెక్కి వాళ్ల ఊరు పోయాను. వాకిట్లో వాళ్ల అమ్మ కుర్చీ వేసింది, నాన్న నిలబడే ఉన్నాడు. "సారు, మావోడు ఏం తప్పు చేసిండు?" అని అడిగాడు. తప్పు నాది అని చెప్పాను. గ్రాఫ్, లాగ్, యూటీసీ అని వివరించబోతే ఆయనకు అర్థం కాలేదు, అర్థం కావలసిన అవసరం కూడా లేదు. అబ్బాయి నాతోపాటే వచ్చాడు. కానీ ఇదివరకటిలా మాట్లాడటం లేదు. పొద్దున లేవగానే ఎనిమిది సిస్టమ్‌ల స్క్రీన్లను ఫోన్‌లో ఫొటో తీసి నాకు పంపుతున్నాడు. నేను అడగలేదు. ఆ ఫొటోలు వచ్చినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది.

మీ జవాబుల సంగతి. మొదటి టికెట్‌కు అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయమన్నారు. చేశాను, మార్పు లేదు. రెండోదానికి నా కంప్యూటర్ల టైమ్ జోన్‌ను యూటీసీకి మార్చుకోమన్నారు. సాయంత్రం ఆరింటికి ఫారం నింపిన పిల్లకు ఇచ్చే రసీదు మీద మధ్యాహ్నం 12:30 అని పడితే నేను ఏం జవాబు చెప్పాలి? మూడో టికెట్‌ను 'పరిష్కారమైంది' అని మూసేశారు.

చూడటం మొదలుపెట్టాక ఇంకో రెండు కనబడ్డాయి. పండుగకు 13, 14, 15 తేదీల్లో సెంటర్ మూసి మెయిన్ స్విచ్ కూడా ఆపేశాం. మీ గ్రాఫ్‌లో 12 నుంచి 16కి నున్నగా ఒక గీత ఉంది, ఆ మూడు రోజులూ పని జరిగినట్టే. పని లేని చోట ఖాళీ చూపించాలి. ఇక డిసెంబరులో 412 పనులు పూర్తయ్యాయని మీ నెల రిపోర్టు చెప్పింది. లాగ్‌లో ఒక్కో లైను లెక్కపెడితే వాటిలో 29 ఎర్రర్‌తో ఆగినవి. సరిగ్గా అయిన పనికి లైను చివర సున్నా ఉంటుంది, వాటికి లేదు. వాటిని కూడా మీరు పూర్తయినవాటిలో కలిపేశారు.

సమయాన్ని సరిచేయండి. చేసేటప్పుడు నిండు గంటలతో సరిపెట్టకండి, మనకు 5:30 ఉంది, నేపాల్‌కు 5:45 ఉంది. సరిచేసేదాకా గ్రాఫ్ కింద 'లోకల్ టైమ్' అన్న మాట తీసేయండి, వాడుతున్న అందరికీ ఈ సంగతి మెయిల్ పంపండి. నాలాగా ఇంకెవరైనా ఆ కడ్డీలు చూసి ఎవరినో అడుగుతూ ఉండవచ్చు. నా 2,400 రూపాయలు వాపసు ఇవ్వండి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. లాగ్ ఫైళ్లు, స్క్రీన్‌షాట్లు, ఆ రసీదు ఫొటో, డబ్బు కట్టిన రుజువు దీనితో జతపరుస్తున్నాను.

డబ్బు కన్నా ముందు ఇంకొకటి కావాలి. జనవరి మొదటి వారంలో మా సెంటర్ గ్రాఫ్ తప్పుగా చూపింది మీ సాఫ్ట్‌వేర్ లోపం వల్లనేనని, రాత్రి పని చూసుకున్న వ్యక్తి తప్పేమీ లేదని మీ లెటర్‌హెడ్ మీద సంతకంతో ఒక ఉత్తరం పంపండి. తెలుగులో రాయించండి. వాళ్ల నాన్నకు చదివి వినిపిస్తాను.

ఇట్లు,
మీ చందాదారు,
కంప్యూటర్ సెంటర్ యజమాని,
హనుమకొండ.