సీసాలోని పసుపు నురగ

చి॥ సౌ॥ వాణికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాలి నొప్పి కాస్త తగ్గింది, ఈ ఏడు ఆవకాయలో ఉప్పు సరిగ్గా కుదిరింది. మూడు ఆదివారాలుగా నీ ఫోను లేకపోతే పని ఒత్తిడి అనుకున్నాం. డాలస్‌లో రక్తాన్ని ఓజోనుతో శుద్ధి చేయించుకోవడానికి నువ్వు డబ్బు కట్టావని పద్మత్తయ్య చెప్పింది. నేనేమీ కోప్పడటం లేదు.

ఆమె పంపిన వీడియో రెండుసార్లు చూశాను. ఒక చేతి నుంచి నల్లగా వచ్చిన రక్తం, డయాలసిస్ ఫిల్టరులాంటి దానిలో ఓజోను, ఆక్సిజను తగిలి ఎర్రబడి రెండో చేతిలోకి వెళ్లింది. సిరల రక్తానికి ఆక్సిజను తగిలితే ఎర్రబడుతుంది. నీ ఊపిరితిత్తులు అనుక్షణం చేసే పనే అది. కింద సీసాలో చేరిన పసుపు నురగేమో ఒంట్లోని విషమట! ప్లాస్మా రంగే పసుపు, అందులో ప్రోటీన్లుంటాయి, వాయువు తగిలితే నురగ రాదా? పప్పు పొంగడం నువ్వు చూడనిదా?

పెదనాన్నకు వారానికి మూడుసార్లు, పూటకు నాలుగు గంటల చొప్పున డయాలసిస్ జరిగిన రెండేళ్లూ పక్కన స్టూలు మీద కూర్చున్నది నేనే. ఫిల్టరు ఏం తీసేస్తుందని అడిగితే ఆ టెక్నీషియను యూరియా, క్రియాటినిన్ అని పేర్లు చెప్పి, రక్తపరీక్ష కాగితంలో వాటి అంకెలు చూపించేవాడు. గొట్టాల్లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇచ్చేవారు. ఒక శనివారం సూది తీశాక దూదితో ఎంతసేపు అదిమినా రక్తం ఆగలేదు, నా పంచె అంచు తడిసిపోయింది. అంత నీరసంలోనూ ఆయన, "మడత పెట్టుకోరా, మీ వదిన చూస్తే గోల చేస్తుంది" అన్నాడు. కిడ్నీలు పోయిన మనిషికి ఆ తిప్పలు తప్పవు. నీ కిడ్నీలు రక్తంలోంచి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగడుతుంటే నీకెందుకమ్మా ఇది?

ఉపన్యాసం ఇవ్వకూడదనే కూర్చున్నాను. కానీ ఓజోను విషవాయువనీ, వేరే వైద్యానికి తోడుగా వాడినా దానివల్ల తెలిసిన ప్రయోజనం లేదనీ అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిబంధనల్లోనే ఉంది. గొట్టంలో గాలి బుడగ రక్తనాళంలోకి పోతే ప్రాణానికే ముప్పు.

కట్టిన డబ్బు పోతే పోనీ. హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించుకుని కాగితాలు ఫొటో తీసి పంపు. పొద్దున ఏమీ తినకుండా ఆఫీసుకు పరిగెత్తుతున్నావని అల్లుడు అన్నాడు. రాత్రే రెండు ఇడ్లీలు మూతపెట్టి ఉంచుకోలేవా? శనివారం రాత్రి మీకు తొమ్మిదైతే ఇక్కడ ఆదివారం ఉదయం ఏడున్నర. ఫోను దగ్గరే కూర్చుంటాను.

నాన్న