కాంప్లెక్స్‌లో కలిసిన అక్కకి

నిరుడు విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో శ్రీకాకుళం బస్సు కోసం చూస్తూ, మా అమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది. కింది పళ్లు నాలుగు కదులుతున్నాయి, పీకించేయమని ఒకచోట చెప్పేశారు. పక్కనున్న మీరు అడిగారు: "చిగురు ఎంత లోతు విడిందో కొలిచారా?" ఎవరూ కొలవలేదు.

ఆ మాట పట్టుకునే ఇంకో డాక్టరమ్మ దగ్గరికెళ్లాం. గీతలున్న సన్నటి పుల్ల పంటి చుట్టూ పెట్టి చూస్తే 5, 6 మిల్లీమీటర్లు. 3 లోపుంటే మంచిదట. కోత లేదు. మత్తిచ్చి, చిగురు కింద గార గీకి, వేరు నున్నగా చేశారు. షుగరూ చూపించమన్నారు. అసలు గండం అమ్మ కాల్చే అడ్డచుట్ట, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చేది. "చుట్ట మానితేనే చిగురు అతుక్కుంటాది" అన్న మీ మాటే అమ్మకెక్కింది, ఇన్నేళ్ల మా పోరు కాదు!

రెండు నెలలకి మళ్లీ కొలిస్తే చాలాచోట్ల 3, 4. ఒక పన్ను పోయింది, దాని కింద ఎముకే మిగల్లేదు. మిగతా మూడూ నిలిచాయి. ఇప్పుడు రోజూ పళ్ల సందుల్లో బుల్లి బ్రష్షు తిప్పుతోంది, మూడు నెలలకోసారి శుభ్రం చేయించుకుంటోంది.

మీ పేరైనా అడగలేదు. మాతో మాటల్లో పడి ఆ వేళ మీ పార్వతీపురం బస్సు పోయింది. దానికీ కలిపి దండాలు అక్కా.