ప్రశ్న అడిగినవారిని రికార్డు చేయకండి: శ్రీకాకుళం కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం.

మన జిల్లాలో ఆరోగ్యం, చదువు, పథకాల గురించి పెట్టే ఆన్‌లైన్ సదస్సుల్లో, ప్రశ్నల సమయం మొదలవగానే రికార్డింగ్ ఆపేయాలని ఒక ఉత్తర్వు ఇవ్వండి. ముఖ్యంగా నేను అడిగేది ఇదే.

ఈ మధ్య ఒక సంస్థ కిడ్నీ రోగుల తిండి గురించి ఆన్‌లైన్ సదస్సు పెట్టింది. డాక్టరుగారు చక్కగా చెప్పారు. ఉప్పు ఎందుకు తగ్గించాలి, జబ్బు ముదిరినవాళ్లకి కొబ్బరినీళ్లలోని పొటాషియం ఎందుకు ప్రమాదం... కొబ్బరితోటల మధ్య బతికే మాకు ఇది చెప్పేవాళ్లు కావాలి. తర్వాత ప్రశ్నలు. ఒకావిడ తన క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె) ఎంత ఉందో చెప్పి, డయాలసిస్ దాకా పోతుందా అని అడిగింది. తెర మీద ఇంటిపేరుతో సహా ఆవిడ పేరు, పక్కన పెళ్లీడు కూతురు. డాక్టరు మళ్లీ ఫోన్ చేస్తారేమోనని కొందరు చాట్‌లో నంబర్లు రాశారు. ఆ వీడియో మొత్తం, చాట్‌తో సహా, యూట్యూబ్‌కి ఎక్కింది. లింకు ఊళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది.

కవిటి, సోంపేట, కంచిలి వైపు కిడ్నీ జబ్బున్న ఇల్లంటే పెళ్లి సంబంధాలు వెనక్కి పోతాయన్న సంగతి మీకు తెలియనిది కాదు. ఆ మాట ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో ఆవిడ ఇష్టం.

‘అందరి ముందే అడిగింది కదా’ అన్నారు నిర్వాహకులు. ఆ గంటసేపు ఎదురుగా ఉన్నది ఎక్కువగా అదే బాధలో ఉన్న ఇళ్లవాళ్లు. యూట్యూబ్‌లో చూసేవాళ్లు వేరు. ‘రికార్డవుతోందని తెర మీద వచ్చింది, ఓకే నొక్కారు’ అని కూడా అన్నారు. వచ్చింది ఇంగ్లీషులో. నొక్కకపోతే బయటికి పోవడమే. దాన్ని ఒప్పుకోవడం అనలేం.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జిల ధర్మాసనం 2017లోనే తేల్చింది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా, విషయం తెలిసి ఇచ్చినదై ఉండాలి. నోటీసును తెలుగులో చదువుకునే వీలూ ఉండాలి. 18 ఏళ్లలోపు పిల్లలైతే తల్లిదండ్రుల సమ్మతి కావాలి. దీని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. ఆ గడువు తీరేదాకా ఆగాల్సిన పనేమీ లేదు.

రికార్డింగే వద్దని నేననను. సదస్సు టైముకి డయాలసిస్ మంచం మీద ఉన్నవాళ్లు, సముద్రం మీద చేపలవేటకెళ్లినవాళ్లు, చెన్నైలో పనిచేసుకుంటున్నవాళ్లు తర్వాత చూసుకోవాలి. వాళ్లకి కావాల్సింది డాక్టరు మాట. అడిగినవాళ్ల ముఖంతో వాళ్లకి పనిలేదు. మంచి ప్రశ్న పోతుందనుకుంటే, పేరు చెప్పకుండా డాక్టరే దాన్ని చదివి జవాబిస్తే సరి.

ప్రశ్నల టైములో రికార్డింగ్ ఆపడానికి పైసా ఖర్చు లేదు. జూమ్‌లో మామూలు మీటింగ్ కాకుండా, విడిగా డబ్బు కట్టి తీసుకునే వెబినార్ పద్ధతి పెడితే, వినేవాళ్ల ముఖాలు తెర మీదికే రావు. మీటింగే పెట్టాల్సి వస్తే, రికార్డింగులో పేర్లు కనపడకుండా సెట్టింగ్ ఉంది. చాట్‌ని సేవ్ చేయకుండా ఉండొచ్చు. ఆపరేటరు కుర్రాడికి పది నిమిషాల పని. కానీ మన దగ్గర అసలు చిక్కు సెట్టింగుల్లో లేదు, ప్రూఫ్‌లో ఉంది. ఇంతమంది హాజరయ్యారని పై ఆఫీసుకి చూపించాలి కాబట్టి ముఖాలన్నీ కనిపించే స్క్రీన్‌షాట్ కావాలంటారు. హాజరు సంఖ్య చాలని మీరు ఒక్క మాట రాస్తే ఈ ఫొటోల గొడవ సగం తగ్గిపోతుంది. పేరు, ఊరు, ఫోన్ నంబరు నింపమని అందరికీ తెరిచిపెట్టే గూగుల్ షీటు లింకులు కూడా ఆపించండి. ఎవరి వివరాలు ఎవరైనా చూడొచ్చు అందులో.

ఇప్పటికే ఎక్కేసిన వీడియోల సంగతి మిగిలింది. తీసేయమని అడగడానికి సోమవారం గ్రీవెన్స్‌కి రమ్మనకండి. అక్కడికొస్తే ఆ ఆవిడ తన జబ్బు సంగతి మళ్లీ హాలునిండా జనం ముందు చెప్పుకోవాలి. ఫోన్ చేస్తే, కారణం అడగకుండా తీయించే ఒక నంబరు పెట్టండి.

ఇట్లు,
సోంపేట మండలం నుంచి ఒక ఉపాధ్యాయురాలు