ఇది ఎప్పుడు దిగుతాది?

తిరుపతి,
ఆదివారం రాత్రి

ఒరే మామా,

ఎట్టుండావు? అమ్మకు మోకాలి నొప్పి తగ్గిందా? ఆ నూనె అయిపోయుంటే చెప్పు, చిత్తూరు వచ్చేటప్పుడు తీసుకొస్తా.

ఇప్పుడు మూఢం కదా, పెళ్ళిళ్ళు లేవు. మా సౌండు సర్వీసు బాక్సులన్నీ గోడౌన్లో పడుకోనుండాయి. ఆంప్లిఫయర్ల మీద దుమ్ము దులపడం, వైర్లు చుట్టి పెట్టడం తప్ప పని లేదు. అందుకే కూచోని రాస్తా ఉండా. మొన్న నేను పంపించిన డ్రమ్ అండ్ బేస్ పాట, అదే ఇంగ్లాండులో పుట్టిన ఆ డాన్సు పాట, విని ఫోన్లో ఏమన్నావో గుర్తుండాదా? "ఏముందిరా అందులో, రేకుల మీద వాన పడినట్టు ఒకటే టపటపా" అన్నావు. నాలుగు రోజుల్నుంచి ఆ మాట చెవిలో తిరగతానే ఉండాది. నువ్వు అనిందాంట్లో తప్పూ ఉండాది, నేను ఒప్పుకోవాల్సిన నిజమూ ఉండాది. రెండూ చెప్తా, ఓపిగ్గా చదువు.

ముందు తప్పు. నువ్వు దాన్ని ఫోను స్పీకర్లో విన్నావు. డ్రమ్ అండ్ బేస్ అని పేరులోనే రెండుండాయి కదరా. ఫోను నీకు డ్రమ్ము ఇచ్చి బేసు మింగేసింది. ఆ పాటల్లో బేసు, అంటే అడుగున మోగే లోతు శబ్దం, 40, 50 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 40, 50 ఊపుల దగ్గర తిరగతా ఉంటాది. 50 హెర్ట్జ్ శబ్దానికి ఒక్క అల పొడవే దగ్గర దగ్గర 22 అడుగులు. గోరంత స్పీకరు దాన్ని ఎట్టా పుట్టిస్తాది? మా 18 అంగుళాల బేసు బాక్సులే ఆ గాలిని తోయలేక ఊగిపోతాయి. అది చెవికే కాదు, రొమ్ముకు తగలతాది, కాళ్ళ కింద సిమెంటుకు తగలతాది.

మనకు మృదంగం నేర్పిన అయివారు దానికి ఎడమ పక్క రవ్వ ముద్ద ఒత్తేది గుర్తుండాదా? బొంబాయి రవ్వ నీళ్ళతో పిసికి, కొంచెం పెట్టి, ఒకసారి "థోం" అనిపించి, కండ్లు మూసుకోని విని, ఇంకొంచెం పెట్టేవారు. నువ్వొకసారి ముద్ద పెట్టకుండానే వాయిస్తే "ఏమబ్బా, అట్టపెట్టె కొడతా ఉండావా?" అన్నారు. నువ్వు ఫోన్లో విన్నది అదే. కుడిపక్క మాత్రం విని మృదంగం మీద తీర్పు చెప్పినావు.

ఇంక వేగం సంగతి. నిమిషానికి 170 నుంచి 175 దెబ్బల దాకా ఉంటాది. నేను దాన్ని మొదట విన్నది ఇంజనీరింగ్ పిల్లోళ్ళు ఫెస్టుకని మా బాక్సులు బాడుగకు తీసుకున్నప్పుడు. లాప్‌టాప్‌లో పెట్టినారు, నేను మిక్సరు కాడ నిలబడుండా. కాలితో తాళం వేద్దామని చూస్తే కాలు అందలేదు, ఎవరో తరమతా ఉన్నట్టు ఉండింది. కాసేపటికి చూసుకుంటే తల ఊగతా ఉండాది, నింపాదిగా, సగం వేగంలో. డ్రమ్ములు 174లో పరిగెత్తతా ఉంటే కింద బేసు 87లో నడస్తా ఉండాది.

ఆపొద్దు నాకు అయివారే గుర్తుకొచ్చినారు మామా. త్రికాలం! చేత్తో వేసే తాళం కదలకూడదు, నోటితో చెప్పే జతి మాత్రం మొదటి కాలం, దానికి రెండింతల వేగంలో రెండో కాలం, నాలుగింతల్లో మూడో కాలం. రెండో కాలానికి పోతానే మన చెయ్యి కూడా పరిగెత్తేది, మోకాలి మీద ఒకటేసేవారు. మనం ఒకదాని తర్వాత ఒకటి నేర్చుకున్న కాలాల్ని ఈ ఇంగ్లాండు పిల్లోళ్ళు ఒకేసారి ఒకదాని మీద ఒకటి పెట్టేసినారు. ఏ కాలంలో ఉండాలన్నది వినేవాడి ఇష్టం. అలిసిపోతే బేసు పట్టుకోని నడువు, ఊపొస్తే డ్రమ్ము పట్టుకోని ఎగురు. ఒకే ఒళ్ళు, రెండు నడకలు. నాకు దాని మీద పిచ్చి పట్టింది ఈడే.

ఆ దరువు ఎవరిదో కూడా నీకు చెప్పాల. 1969లో అమెరికాలో ది విన్‌స్టన్స్ అనే బ్యాండు ఒక రికార్డు వేసింది. దానికి రెండో పక్క "ఆమెన్, బ్రదర్" అని పాట ఉండాది. మధ్యలో అందరూ ఆగిపోతారు, డ్రమ్ము వాయించే గ్రెగరీ కోల్‌మన్ ఒక్కడే నాలుగు ఆవర్తాలు వాయిస్తాడు. సుమారు 7 సెకన్లు, అంతే. గట్టి దెబ్బల మధ్యలో వినీ వినపడకుండా చిన్న దెబ్బలు జారవిడస్తాడు చూడు, అవే అందులో ప్రాణం. మృదంగం మీద చిటికెన వేలు ఊరికే అట్టా తగిలినట్టు. ఇరవై ఏళ్ళ తర్వాత లండన్ పిల్లోళ్ళు ఆ ముక్కను శాంప్లర్లోకి, అంటే శబ్దం ముక్కల్ని దాచుకోని వాయించే మిషన్లోకి ఎక్కించి, వేగం పెంచి, దెబ్బా దెబ్బా విడదీసి, ముందుది వెనక్కి, వెనకది ముందుకి పెట్టి వాయించినారు. 1990ల మొదట్లో దానికి జంగిల్ అని పేరొచ్చింది, దాంట్లోంచే డ్రమ్ అండ్ బేస్ వచ్చింది. వేల పాటల్లో ఆ 7 సెకన్లే ఉండాయి.

కోల్‌మన్‌కు దాన్నుంచి ఒక్క పైసా రాలేదు. 2006లో చచ్చిపోయినాడు, అదీ బీదరికంలో. 2015లో ఈ పాటల మీద ప్రేమున్న వాళ్ళు చందాలేసి 24,000 పౌండ్లు పోగుచేసి ఆ బ్యాండు నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు ఇచ్చినారు. కోల్‌మన్ అప్పటికి లేడు. ఇది తెలిసిన రోజు నాకు అన్నం దిగలేదు. మన గంగజాతరలో వారం పొడవునా చేతులు వాచిపోయేదాకా పలకలు, అదే డప్పులు, కొట్టేవాళ్ళని చూస్తాం కదా, ఎవరి దరువు ఎవరిదో ఒక్కరి పేరన్నా మనకు తెలుసా? ఫోన్లలో వీడియోలు తీసుకోని పోతాం, అంతే.

బేసు కత ఇంకా నా మనసుకు దగ్గర. అది జమైకా నుంచి వచ్చింది. 1950ల్లో కింగ్‌స్టన్‌లో పెద్ద పెద్ద బాక్సులు కట్టుకోని, లారీల్లో వేసుకోని, వీధిలో దించి, జనాన్ని ఆడించేవాళ్ళు. సౌండ్ సిస్టమ్ అంటారు. మా సౌండు సర్వీసు మాదిరే మామా! బాక్సు చెక్క ఎంత మందం ఉండాల, ఎవరి బేసు ఎంత దూరం పోతాది అని వాళ్ళకీ పోటీలే. పని కోసం ఇంగ్లాండుకు వలసపోయినవాళ్ళు బాక్సుల్నీ బేసునీ వెంట తీసుకోని పోయినారు. లండన్‌లో, బ్రిస్టల్‌లో ఆ బాక్సుల కాడ పెరిగిన పిల్లోళ్ళే తర్వాత ఇది కట్టినారు. జనం కేకలేస్తే డీజే రికార్డు వెనక్కి లాగి మళ్ళీ మొదట్నుంచి వేస్తాడు. మన పద్యనాటకాల్లో "వన్స్‌మోర్" అంటే హార్మోనీ ఆయన మళ్ళీ అందుకుంటాడు కదా, అట్టా. ఇదంతా తెలిసినాక బాక్సు భుజానికెత్తుకున్నప్పుడు బరువు అదే, మనసు మాత్రం వేరేగా ఉండాది.

సరే, ఇప్పుడు నిజం దగ్గరికి వస్తా. దాన్ని నాకు చూపించింది నువ్వు కాదు, మా దగ్గర బాక్సులు మోసే పెద్దాయన. నీకు తెలుసు, జాతరలో పలక వాయిస్తాడే, ఆయన. ఒకరోజు తిరుచానూరు రోడ్డు మండపంలో రిసెప్షన్ ముగించుకోని రాత్రి రెండింటికి గోడౌన్‌కు చేరినాం. కొత్తగా చేయించిన బేసు జత ఉండింది, పొద్దున వేరే ఊరికి పంపించాల. ఒకసారి చూద్దామని ఈ పాటే పెట్టినా. పైన రేకులు గడగడలాడినాయి, దూలం మీద దుమ్ము రాలింది. గోనెసంచి మీద నడుం వాల్చిన పెద్దాయన లేచి కూచున్నాడు. కాసేపు విన్నాడు. పక్కన ఖాళీ ప్లైవుడ్ పెట్టె ఉంటే దాన్ని దగ్గరికి లాక్కోని మెల్లిగా ఎత్తుకున్నాడు, సరిగ్గా బేసు నడకలో. ఎవురూ చెప్పలేదు. నాలుగు చుట్లకు రెండింతలు చేసినాడు, డ్రమ్ముల్లో కలిసిపోయినాడు. మొగమంతా నవ్వు. నాకు ఒళ్ళు జలదరించింది మామా. లండన్ యాడ, మా గోడౌన్ యాడ!

అయిదు నిమిషాలు పోయింటాది. ఆయన చేతులు నిలిచిపోయినాయి. అరచేతులు పంచెకు తుడుచుకోని, "బాగుండాది అబ్బోడా. ఇది ఎప్పుడు దిగుతాది?" అన్నాడు.

"దిగదు పెద్దాయనా, ఇంతే" అన్నా.

"దిగకుంటే ఎట్టా? ఎక్కించినోడు దించొద్దా?"

నాకు జవాబు తోచలేదు. ఈపొద్దుకీ అదే ఆలోచిస్తా ఉండా.

గంగమ్మ జాతరలో ఆయన వాయించేది నువ్వూ చూసుంటావు. కండ్లు పలక మీద ఉండవు, వేషం కట్టినోళ్ళ కాళ్ళ మీద ఉంటాయి. పూనకం వచ్చే మనిషి పాదం నేల మీద ఎట్టా పడతా ఉండాదో చూసి దరువు బిగిస్తాడు. ఒళ్ళు తూలతా ఉంటే వదులు చేస్తాడు, మెల్లిగా దించి, మనిషిని నేల మీదికి తెచ్చి అప్పగిస్తాడు. ఎక్కించడం ఎంత పనో దించడమూ అంతే పని. డ్రమ్ అండ్ బేస్‌లో ఆ రెండో పని లేదు. రాత్రంతా 174 అంటే 174. అది వాళ్ళకు చేతకాక కాదు. డీజే ఒక పాట మీద ఇంకో పాట అతికించాల, వేగం కలవకుంటే అతకదు. అందుకే పాటకు ముందూ వెనకా ఉత్త డ్రమ్ములే పెడతారు, అతుకు వేసుకునే చోటు అది. ఇంట్లో ఒక్కటే పాట వింటే నీకు బోసిగా తోచడం కూడా అందుకే. దండలో నుంచి ఒక పువ్వు లాగి, ఇదేం దండరా అంటే ఎట్టా చెప్పు.

ఇంకోటి, "డ్రాప్" అంటారు. డ్రమ్ములన్నీ ఆపేసి, బిగపట్టి, ఒక్కసారిగా బేసూ డ్రమ్మూ కలిపి వదులతారు. మన పెళ్ళిలో గట్టిమేళం మాదిరి. తాళి కట్టేటప్పుడు పెద్దాయనెవరో చెయ్యెత్తి "గట్టిమేళం, గట్టిమేళం" అంటే డోలూ నాదస్వరమూ ఒక్కసారి విరుచుకుపడతాయి, మనకు కండ్లలో నీళ్ళు తిరగతాయి. కానీ ఆడ తాళి ఉండాది కదా. పెళ్ళికి ఒక్కసారే వస్తాది కాబట్టే అంత బలం. ఈడ నిమిషానికో నిమిషంన్నరకో ఒక గట్టిమేళం. మొదటి మూడు సార్లు నేనూ ఎగిరినా. గంట తర్వాత, తాళి యాడుండాది అని వెతుక్కోవడం మొదలయితాది.

నడ కూడా అంతే. మనకు నాలుగు లెక్క చతురశ్రం నుంచి మూడు లెక్క తిశ్రానికో అయిదు లెక్క ఖండానికో మారితే వినేవాడు కూచున్నచోటే నిటారుగా లేస్తాడు. వీళ్ళు ఎక్కువగా నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్పైరెండు, ఆ లెక్క దాటరు. రాగానికి కూడా చోటు తక్కువ. గమకం ఊగాలంటే స్వరం నిలబడేదానికి కాస్త జాగా కావాల, ఆ వేగంలో అంత జాగా యాడిస్తారు? పాడేవాళ్ళు 87 పట్టుకోని రెండు లైన్లు పాడి తప్పుకుంటారు.

అట్టాగని అందరినీ ఒకే గాటన కట్టొద్దు. 1995లో గోల్డీ అనే ఆయన "టైమ్‌లెస్" అని ఆల్బమ్ వేసినాడు, అందులో ఒక్క పాటే ఇరవై నిమిషాలు దాటతాది. ఆయన దించినాడు మామా, మబ్బు విడిపోయినట్టు నిదానంగా. బ్రిస్టల్ నుంచి రోని సైజ్, వాళ్ళ జట్టు రెప్రజెంట్, నిలబెట్టి వాయించే పెద్ద బేసు, మనిషి వాయించే డ్రమ్ము పెట్టుకున్నారు. 1997లో వాళ్ళకు మెర్క్యురీ ప్రైజు, అదే ఆడ ఏటా ఒక మంచి ఆల్బమ్‌కు ఇచ్చే బహుమతి, వచ్చింది. 1999లో అదే ప్రైజు తబలా వాయించే తల్విన్ సింగ్‌కు వచ్చింది. ఆయన తబలాను ఈ దరువుల మధ్యలో కూచోబెట్టినాడు. ఆ కాలంలో కోల్‌మన్ దెబ్బల్ని ప్రతి ఆవర్తానికీ కొత్తగా కోసి కలిపేవాళ్ళు, తర్వాత ఏం వస్తాదో తెలిసేది కాదు. పోను పోను చానా పాటల్లో అది అచ్చు పోసినట్టు గట్టిపడింది. నేను నీకు పంపించింది అట్టాంటి పాటే. అది నా తప్పు. మొదట పంపించాల్సింది పాతవి.

పెద్దాయన మాట విన్నాక నాకు దాని మీద ప్రేమ తగ్గిందా అంటే తగ్గలేదురా. కాకుంటే ఇప్పుడు బాక్సుల ముందు నిలబడే పిల్లోళ్ళ కాళ్ళు చూస్తా ఉండా, ఇంతకుముందు మిక్సరు మీద మీటర్లు మాత్రమే చూసేవాణ్ణి. పోయిన నెల ఒక ఫంక్షన్లో ఒక పిల్లోడు తూలతా ఉంటే, బేసు కొంచెం కొంచెంగా తగ్గించినా. వాడు పోయి కూచున్నాడు, నీళ్ళు తాగినాడు. ఎవురికీ తెలీలేదు.

అందుకే ఒకటి అడగతా, కాదనొద్దు. మూఢం పోయేలోగా ఒక శనివారం బస్సెక్కి రా. అటక మీద పెట్టిన మృదంగం దించి, వార్లు బిగించి తీసుకురా. లాప్‌టాప్‌లో డ్రమ్ములన్నీ తీసేసి, ఉత్త బేసు మాత్రం 87లో పెడతా. దాని మీద నువ్వు మృదంగం, పెద్దాయన పలక. త్రికాలం చేద్దాం, నడ మారుద్దాం. వేగం తగ్గించే మీట నా చేతి కిందే ఉంటాది. పెద్దాయన చెయ్యెత్తినప్పుడు మెల్లిగా దించతా, ఎంత కిందికంటే అంత కిందికి.

అమ్మను అడిగినానని చెప్పు. రవ్వ నువ్వు మోసుకురావొద్దు, ఈడే తెచ్చి పెడతా.

నీ
మామ