కాటా ఎవరి చేతిలో ఉంది?

చిట్టితల్లీ,

మొన్న ఫోన్లో లెటర్‌కెన్నీ కబుర్లు చెబుతూ, పాతకాలంలో అక్కడ ఒకే కొట్లో టీపొడి, మేకులు, విస్కీ అన్నీ దొరికేవట నాన్నా అన్నావు కదా, అప్పట్నుంచీ ఐర్లండ్ పల్లెటూళ్ల వ్యాపారం గురించే చదువుతున్నాను. బతుకంతా పచారీ కొట్లో కూర్చున్నవాణ్ణి, కొట్టు అంటే చెవులు నిక్కపొడుచుకుంటాయి మరి.

సంత రోజున పశువుల్ని వీధిలోనే నిలబెట్టి అమ్మేవాళ్లట. మధ్యవర్తి ఇద్దరి చేతులూ పట్టుకుని కలిపేదాకా బేరం తెగేది కాదు, తెగాక అమ్మినవాడు కొంత చిల్లర కొన్నవాడికే తిరిగి ఇచ్చేవాడు, కలిసిరావాలని. ఇది నాకు భలే నచ్చింది. ఆ డబ్బుతో రైతు కొట్లో పాత బాకీ కట్టి, అక్కడే ఒక గ్లాసు తాగి ఇంటికి పోయేవాడు.

రోజువారీ సరుకులు మాత్రం ఇంటావిడ సంపాదనే. కోడిగుడ్లు, వెన్న బుట్టలో పెట్టుకుని వెళితే కొట్టువాడు గుడ్లు లెక్కపెట్టి, వాటి విలువకు చెక్కపెట్టెలోంచి టీపొడి తీసి తూచి పొట్లం కట్టేవాడు. పిండి సంచుల్ని కూడా పారేసేవాళ్లు కాదు, కుట్లు విప్పి ఉతికి దిండు గలీబులు, దుప్పట్లు కుట్టుకునేవాళ్లు. ఎంత రుద్దినా సంచి మీది అచ్చు ఒక పట్టాన పోయేది కాదట!

నాకు నచ్చనిది ఇక్కడే ఉంది. గుడ్డు రేటు చెప్పేదీ కొట్టువాడే, టీపొడి రేటు చెప్పేదీ వాడే. మీ ఊరున్న డోనెగల్ కౌంటీలోనైతే ఆడవాళ్లు మేజోళ్లు అల్లిపెడితే కూలి డబ్బు బదులు టీ, పంచదార చేతిలో పెట్టేవాళ్లు. మగవాళ్లు స్కాట్లాండ్ వెళ్లి బంగాళాదుంపల పొలాల్లో కూలిచేసి తెచ్చింది బాకీలకే సరిపోయేది. అలా అప్పుల్లో ఉంచి బతికే వ్యాపారిని గాంబీన్ మ్యాన్ అనేవాళ్లు. అరువు తప్పని నేననను, నేనూ ఇచ్చాను, ఇవ్వకపోతే పల్లెలో కొట్టు నడవదు. కానీ బాకీ ఉన్నవాడు పక్క కొట్టుకు పోలేడు, రేటెందుకు పెంచావని నోరెత్తి అడగలేడు, వాళ్లు సొమ్ము చేసుకున్నది దాన్నే.

చిన్నప్పుడే స్ట్రబేన్ సంతలో పాలేరుగా కుదిరిన పాడీ గాలహర్ అనే ఆయన, స్కాట్లాండ్‌లో సహకార కొట్లు చూసివచ్చి, 1906లో డంగ్లో ఊరి దగ్గర ఇరుగుపొరుగు రైతుల్ని పోగేశాడు. మొదట అందరూ కలిసి ఎరువు టోకున తెప్పించుకున్నారు, ఆ తర్వాత సొంత కొట్టు. వ్యాపారులు ఊరుకుంటారా, నానా అడ్డంకులూ పెట్టారు. అయినా అల్లికపని చేసే ఆడవాళ్ల కోసం ఫ్యాక్టరీ కూడా పెట్టించాడు. ఊళ్లో అంతా ఆయన్ని పాడీ ద కోప్ అనే పిలిచేవాళ్లు, కోప్ అంటే ఆ సహకార సంఘమే.

ఆ కోప్ ఇప్పటికీ నడుస్తోంది, డంగ్లో నీకు దగ్గరే. ఏ శనివారమో వెళ్లి టీపొడి, గుడ్ల రేట్లు చూసి నాకు చెప్పు. మీ అమ్మ డోనెగల్ ఊలు స్వెటర్ కావాలంటోంది, అది మాత్రం నాలుగు చోట్ల అడిగి కొనమ్మా.

నాన్న