గేరు బాక్సు దింపనివ్వలేదు నాన్నా

కొలోన్, జర్మనీ

నాన్నకు నమస్కారం.

ఇక్కడ నేను క్షేమం. ఫోన్లో కారు సంగతి సగమే చెప్పగలిగాను. ఆటోనగర్ షెడ్డులో ఇన్నేళ్లు లారీల కింద పనిచేసినవాడివి, మిగతాది నీకు వివరంగా రాయాలనిపించింది.

మాకు దగ్గర్లో నూర్బర్గ్‌రింగ్ రేస్ ట్రాక్ ఉంది. దాని ఉత్తర భాగం 20.8 కిలోమీటర్లు, అడవిలో అన్నీ ఎత్తుపల్లాలూ మలుపులే. వాళ్లు నిర్ణయించిన రోజుల్లో టికెట్ కొని ఎవరైనా సొంత కారు నడపొచ్చు. అక్కడ గట్టిగా తోలి వచ్చాక నా ఆరు గేర్ల కారు మొరాయించింది. ఒకటో గేరు పడదు, మిగతావీ మొండికేస్తాయి. రివర్స్ వేస్తే గర్రుమంటుంది. ఒక గ్యారేజీలో చూపిస్తే గేరు పడేముందు వేగాలు కలిపే సింక్రోలు పోయాయి, గేరు బాక్సు దింపాలన్నారు. పెడల్ తొక్కి చూసినవాళ్లు కూడా లేరు. నాకు కోపం వచ్చింది. సింక్రో రింగు అరిగితే ఆ గేరొక్కటే గోల చేస్తుంది. అన్ని గేర్లూ ఒకేసారి మొండికేస్తే ముందు క్లచ్‌ని అనుమానించాలి కదా!

ఇంజిన్ ఆపి గేర్లు వేశాను. ఆరూ వెన్నలో దిగినట్టు పడ్డాయి. స్టార్ట్ చేస్తే మళ్లీ అదే పేచీ. అంటే పెడల్ అడుగంటా తొక్కినా క్లచ్ ప్లేటు ఇంజిన్ నుంచి పూర్తిగా విడవడం లేదు, బాక్సులో షాఫ్టు తిరుగుతూనే ఉంది. నా బాక్సులో రివర్స్‌కి సింక్రో లేదు. క్లచ్ తొక్కి కొన్ని సెకన్లు ఆగితే షాఫ్టు నిలబడి, రివర్స్ చప్పుడు లేకుండా పడాలి. ఎంత ఆగినా అరిచింది.

అప్పుడు నువ్వు జీపు బ్రేకులకి చేసినట్టు పెడల్‌ని గబగబా తొక్కి వదులుతూ పంపింగ్ కొట్టాను. గేరు పడింది! ఇక ప్లేటుదీ కాదు, సింక్రోదీ కాదు, క్లచ్‌ని విడదీసే ఆయిల్ ఒత్తిడి నిలవడం లేదన్నమాట. ఆ క్షణం నీకు ఫోన్ చేద్దామనుకున్నాను, అక్కడ అర్ధరాత్రి.

ఇక్కడ లిఫ్టూ పనిముట్లూ గంటల లెక్కన అద్దెకిస్తారు. కారు ఎత్తి కింది క్లచ్ సిలిండర్ రబ్బరు తొడుగు ఊడదీస్తే లోపలంతా తడి. అదృష్టం, నా కారుకి ఆ సిలిండర్ బాక్సు పక్కన బయటే ఉంటుంది. క్లచ్‌ని కప్పి ఉంచే బెల్ హౌసింగ్ లోపల ఉండే రకమైతే బాక్సు దింపక తప్పదు. సిలిండర్ మార్చి, కొత్త డాట్ 4 రకం బ్రేకు ఆయిల్ పోసి గాలి తీశాను. పాతది నల్లగా వచ్చింది. ఆ ఆయిల్ తేమ పీలుస్తుంది. కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ చేరాక ఆ హద్దు 155కి దిగిపోతుంది. ట్రాక్ మీదికి తీసుకెళ్లే బండికి అందుకే ఆయిల్ మార్చడం వాయిదా వేయకూడదు.

ఇప్పుడు అన్ని గేర్లూ పడుతున్నాయి. క్లచ్ జారుతోందేమోనని స్లిప్ కూడా చూశాను. నాలుగో గేరులో 2 వేల ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే ఆర్‌పీఎం ముల్లు బండి స్పీడుతో పాటే ఎక్కింది, ఎగిరిపోలేదు. న్యూట్రల్‌లో క్లచ్ తొక్కినా వదిలినా బేరింగు మోత లేదు.

ఒక్కటే మిగిలింది. చలి ఉదయాల్లో రెండో గేరు కాస్త గరుకుగా పడుతుంది, బండి వేడెక్కాక సర్దుకుంటుంది. పాత లారీలకి వేసినట్టు న్యూట్రల్‌లో ఒకసారి క్లచ్ వదిలి మళ్లీ తొక్కి డబుల్ క్లచ్ వేస్తే అసలు తేడాయే తెలియదు. అందుకే దీనికి మాత్రం సింక్రోనే అనుమానిస్తున్నాను. ఇంకో మెకానిక్ గేరు బాక్సులో జీఎల్-5 రకం ఆయిల్ పొయ్యమన్నాడు, నేను ఒప్పుకోలేదు. మాన్యువల్‌లో ఉన్నది జీఎల్-4. జీఎల్-5లో గంధకపు మందులు ఎక్కువ, కొన్ని రకాలు ఇత్తడి రింగుల్ని తినేస్తాయి.

ఆ రింగు కోసం ఇప్పుడే బాక్సు విప్పమంటావా, ఎలాగూ బాక్సు దింపాల్సిన క్లచ్ ప్లేటు మార్పు దాకా ఆగమంటావా? నాకైతే ఆగాలనే ఉంది. ఆదివారం ఫోన్ చేస్తాను, ఆలోచించి ఉంచు.

నీ అబ్బాయి